చేపల చెరువు తీసేసి కూరగాయలు వేస్తే నేలలోని భారలోహాలు ఏమవుతాయి?

మిగతావాళ్లకు కూడా అర్థమయ్యేలా ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెబుతాను. మీరు ఉండేది విజయవాడ. నందివాడ వైపు బుడమేరు పక్కన మూడెకరాల బాడవ ఉంది. తాతగారి కాలంలో వరి పండేది. తర్వాత పదిహేనేళ్లు చేపల చెరువుగా లీజుకిచ్చారు. ఇప్పుడు లీజు అయిపోయింది. గట్లు కొట్టేసి రెండెకరాల్లో ఆకుకూరలు, కూరగాయలు వేసి విజయవాడ మార్కెట్‌కు పంపుదామని, మిగతా ఎకరం మట్టి తోలించి మెరక చేద్దామని మీ తమ్ముడి ఆలోచన. ఎవరో చెప్పారని మట్టి పరీక్ష చేయిస్తే కిలోకు మిల్లీగ్రాముల లెక్కన క్రోమియం 118, నికెల్ 72, రాగి 85, జింక్ 150, సీసం 31, కాడ్మియం 0.2 అని వచ్చింది. పీహెచ్ 8.1. క్రోమియం, నికెల్, రాగి ఎదురుగా "ఒక మోస్తరు కాలుష్యం" అని రాశారు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఈ నేల పనికొస్తుందా, చెరువు తీసేస్తే లోహాలు తగ్గుతాయా పెరుగుతాయా అని అడిగారు.

నేను నేలల రసాయనం మీదే పనిచేసి రిటైరయ్యాను, అదీ ఎక్కువగా ఈ కృష్ణా, గుంటూరు జిల్లాల్లోనే. ఈ అంకెలు చూసి నిద్ర మానుకోవాల్సిన పని లేదు. చెరువు తీసేసినంత మాత్రాన లోహం ఎక్కడికీ పోదు, కొత్తగా పుట్టదు. కానీ ఇన్నాళ్లూ బురదలో కదలకుండా ఉన్నది నేల ఆరాక కదలొచ్చు, పంట వేరు దాకా రావొచ్చు. మీ రిపోర్టు కొలవనిది సరిగ్గా అదే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ "కాలుష్యం" అన్న మాట ఎలా వచ్చిందో చూడండి. ముల్లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1969లో ఒక సూచిక ఇచ్చారు. మనిషి చేయి పడని మట్టిలో ఆ లోహం ఎంత ఉండాలో తీసుకుని, దానికి ఒకటిన్నర రెట్లు కట్టి, మీ మట్టిలో ఉన్నదాన్ని దానితో భాగిస్తారు. ఒకటి కంటే తక్కువొస్తే కాలుష్యం లేదు. ఒకటి నుంచి రెండు దాకా ఉంటే కాలుష్యం ఉండీ లేనట్టు. రెండు నుంచి నాలుగు అయితే ఒక మోస్తరు. లెక్కలో తప్పేం లేదు. "ఎంత ఉండాలి" అన్న దగ్గరే అసలు పేచీ. మీ ల్యాబ్ వాళ్లు ప్రపంచం మొత్తానికి కట్టిన ఎగువ భూపటలం (భూమి పైపొర రాళ్లు) సగటు తీసుకున్నారు: క్రోమియం 35, నికెల్ 20, రాగి 25. ఆ లెక్కన మీ క్రోమియం 2.25, నికెల్ 2.4, రాగి 2.27 వస్తాయి. మూడూ "మోస్తరు"లో పడ్డాయి. అదే మట్టికి 1961లో టురేకియన్, వెడెపోల్ అనే శాస్త్రవేత్తలు ఇచ్చిన షేల్ రాయి (బురద గట్టిపడి రాయి అయినది) సగటు పెట్టి చూడండి: క్రోమియం 90, నికెల్ 68, రాగి 45. ఇప్పుడు క్రోమియం 0.87, నికెల్ 0.7. కాలుష్యం ఊసే లేదు. రాగి ఒక్కటి 1.26 దగ్గర ఆగింది. మట్టి అదే, మారింది పోల్చిన రాయి.

మన డెల్టాకు ఏ రాయి తగినది? కృష్ణ పుట్టేది మహాబలేశ్వర్ దగ్గర, దక్కన్ నల్లరాతి మీద. ఈ జాతి నల్లరాళ్లకు (బసాల్ట్) ప్రపంచ సగటు చూస్తే క్రోమియం 170, నికెల్ 130, రాగి 87 దాకా ఉంటాయి. వేల ఏళ్లుగా ఆ దక్కన్ రాయి అరిగి వచ్చిన ఒండ్రే మన నల్లరేగడిలో చాలా భాగం. పైగా మీ నేల బుడమేరు పక్కది. బుడమేరుకు నీళ్లిచ్చే మైలవరం, కొండపల్లి కొండల సంగతి వేరు. కొండపల్లి కొండల్లో క్రోమైట్ ఖనిజమే ఉంది, ఒకప్పుడు తవ్వారు కూడా. అలాంటి కొండ కింది వాగు పక్కన క్రోమియం 118 ఉంటే నాకు వింతేమీ అనిపించదు. క్రోమైట్‌లో బిగుసుకున్న క్రోమియం మొండిది. గాఢ ఆమ్లాల్లో ఉడికించినా పూర్తిగా కరగదు, ఇక పాలకూర వేరు దాన్నేం చేస్తుంది! పరీక్ష ఎక్స్‌ఆర్‌ఎఫ్ యంత్రంతో (మట్టిని కరిగించకుండా ఎక్స్‌కిరణాలతో కొలిచేది) చేస్తే ఈ ఖనిజంలోని క్రోమియమంతా లెక్కలోకి వస్తుంది. ఆమ్లంతో కరిగించి చేస్తే కొంతే వస్తుంది. రెండు ల్యాబ్‌ల అంకెలు కలవకపోవడానికి ఇదొక కారణం.

మీ రిపోర్టులో నేను ఆగి చూసింది వాళ్లు ఏ గుర్తూ పెట్టని సీసం. 31. బసాల్ట్‌లో సీసం 6 దగ్గర, గ్రానైట్ జాతి రాళ్లలో 20 దగ్గర ఉంటుంది. మన ఒండ్రు ఈ రెండు రకాల రాళ్ల నుంచీ వచ్చిందే కాబట్టి సహజంగా ఉండాల్సింది ఈ మధ్యలో ఎక్కడో. 31 అంటే దానికి పైన ఉంది. ప్రమాదం అనను, ఆ అంకె చిన్నదే. కానీ ఈ జాబితాలో మనుషుల చేయి పడిందనిపించేది సీసం, ఆ తర్వాత జింక్, కొంత రాగి. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు పూర్తిగా ఆగింది 2000లో. అంతకుముందు దశాబ్దాల పాటు రోడ్ల మీద పడింది ఇంకా మట్టిలోనే ఉంది, సీసం ఎక్కడికీ ఆవిరై పోదు కదా. పాత బ్యాటరీలు విప్పే చోట్లు, పాత పెయింట్లు దానికి తోడు. 2024 సెప్టెంబరు వరదలో బుడమేరు విజయవాడను ముంచి, ఊరి మురికంతా కడుక్కుని కిందికొచ్చింది. మీ చెరువు గట్లు ఆ వరదకు మునిగాయా? మునిగితే పైన సన్నటి ఒండ్రు పొర పేరుకుని ఉంటుంది. దాన్ని గీకి విడిగా పరీక్షకు ఇవ్వండి.

ఇప్పుడు అసలు విషయం, నీళ్లు. నేల నీళ్ల కింద ఉంటే గాలి అందదు. గాలిలో కంటే నీళ్లలో ఆక్సిజన్ దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మునిగిన మట్టిలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో తాగేస్తాయి. ఆ తర్వాత వాటికి నైట్రేట్, మాంగనీస్, ఇనుము, చివరికి సల్ఫేట్ మీద బతకడం తప్పదు. సల్ఫేట్ కాస్తా సల్ఫైడ్ అవుతుంది. చెరువు బురద తొక్కితే వచ్చే కుళ్లిన గుడ్ల వాసన అదే. ఈ సల్ఫైడ్ రాగి, సీసం, కాడ్మియం, జింక్, పాదరసాలను పట్టుకుని నీళ్లలో కరగని రూపంలోకి మార్చేస్తుంది. బురదలో కుళ్లీ కుళ్లక మిగిలిన ఆకు, అలము, మేత కూడా రాగిని, సీసాన్ని గట్టిగా అంటిపెట్టుకుంటాయి. అందుకే చిత్తడి నేలలు లోహాలను పోగేసుకుంటాయి. అందుకే వాటిని ఆరబెట్టేటప్పుడు ఆలోచించాలి.

మీరే చూడొచ్చు. చెరువు నీళ్లు తీశాక మధ్యలోకి వెళ్లి పారతో ఒక అడుగు లోతు బురద గడ్డ తీయండి. కత్తితో రెండు ముక్కలు చేయండి. లోపల కాటుకలా నల్లగానో, నీలం తిరిగిన బూడిదరంగులోనో ఉంటుంది. వేరు దూరిన సన్నటి గొట్టాల చుట్టూ మాత్రం తుప్పు రంగు గీతలు ఉంటాయి, వేరు గుండా గాలి దిగిన దారి అది. ఆ ముక్కను గట్టు మీద పెట్టి మర్నాడు చూడండి. కోసిన ముఖం గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, దాన్ని విరిస్తే లోపల ఇంకా నలుపే. ఆ నలుపు ఇనుప సల్ఫైడ్, అది గంటల్లో, రోజుల్లో విరిగిపోతుంది. కాడ్మియం, జింక్ సల్ఫైడ్‌లకు వారాలు, నెలలు పడుతుంది. రాగిది ఇంకా మొండి. మీ రెండెకరాలూ ఆరినప్పుడు జరిగేది ఇదే. సల్ఫైడ్ విరిగితే దాన్ని అంటుకుని ఉన్న లోహం వదులవుతుంది, దానితోపాటు గంధకామ్లం పుడుతుంది. ఆ ఆమ్లం మిగతా లోహాలను కూడా కదిలిస్తుంది. తర్వాత కొన్నేళ్లలో సేంద్రియ పదార్థం కూడా కరిగిపోతూ వస్తుంది, అది పట్టుకున్న లోహాలకు ఆ పట్టు సడలుతుంది.

కేరళలో కుట్టనాడ్ నేలలు ఇలా ఆరితే ఆమ్లంగా మారిపోతాయి, రైతులు సున్నం వేసి వేసి అలిసిపోతారు. మనకు ఆ బాధ తక్కువ. మన రేగడిలో సున్నం సహజంగానే ఉంది, ఆమ్లం పుట్టీ పుట్టగానే అది తాగేస్తుంది. మీ పీహెచ్ 8.1 అంటే సున్నం ఉన్నట్టే, అయినా బురద పొరలో ఎంత ఉందో చూడాలి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఒక చుక్క, ఆరుబయట, మట్టి ముక్క మీద వేయండి. బుస్సుమని నురగొస్తే సున్నం ఉంది. ముఖం దగ్గర పెట్టుకోకండి, నల్ల బురద అయితే ఆ కుళ్లిన గుడ్ల వాసన వాయువే వస్తుంది, ఎక్కువ పీలిస్తే మంచిది కాదు. ఇంకా నమ్మకం కావాలంటే తడి బురదను ప్లాస్టిక్ ట్రేలో పలచగా పరిచి, ఎండిపోకుండా అప్పుడప్పుడు కాస్త నీళ్లు చిలకరిస్తూ ఎనిమిది వారాలు ఉంచి, మొదట్లో, చివర్లో పీహెచ్ కొలిపించండి. ఆరున్నరకు పైనే నిలిస్తే ఆమ్లం గురించి మరిచిపోవచ్చు.

అయితే పీహెచ్ ఎక్కువగా ఉండటం అన్ని లోహాలకూ ఒకేలా పనిచేయదు. సీసం, కాడ్మియం, రాగి, జింక్, నికెల్ క్షారగుణంలో బిగుసుకుంటాయి. ఆర్సెనిక్, ఆరు వేలెన్సీ క్రోమియం, సెలీనియం ఇంకా తేలిగ్గా కదులుతాయి. ఆర్సెనిక్ నీళ్ల విషయంలో కూడా తిరకాసే: అది ఇనుప తుప్పును పట్టుకుని ఉంటుంది, నేల మునిగి ఇనుము కరిగితే ఆర్సెనిక్ కూడా బయటికొస్తుంది. అంటే మునిగితే ఆర్సెనిక్ కదులుతుంది, ఆరితే కాడ్మియం కదులుతుంది. వరి పండించే దేశాలన్నీ ఈ రెంటి మధ్య నలుగుతున్నాయి. జపాన్‌లో జింజు నది కింద కాడ్మియం పొలాల్లో పండిన బియ్యం తిని జనం ఎముకలు విరిగే జబ్బుతో బాధపడ్డారు. అక్కడ తర్వాత నేర్చుకున్న పద్ధతుల్లో ఒకటి, వెన్ను తీసే ముందు మూడు వారాలు, తీశాక మూడు వారాలు పొలంలో నీరు నిలబెట్టడం. కాడ్మియం గింజకు ఎక్కదు, ఆర్సెనిక్ మాత్రం కాస్త ఎక్కుతుంది. మీ రిపోర్టులో ఆర్సెనిక్ అసలు లేదు, ఈసారి అడగండి. మీ తమ్ముడు మనసు మార్చుకుని మళ్లీ వరికే వెళ్తే ఆ అంకె అవసరం పడుతుంది.

మీ నేల చరిత్ర కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పొరల వరస తిరగబడి ఉంది. వరి పొలంగా ఉన్నప్పుడు పడిన లోహాలు ముఖ్యంగా భాస్వరం ఎరువులోని కాడ్మియం, తెగులు మందుల్లోని రాగి, జింక్. డీఏపీ మీద చాలామందికి అనుమానం. లెక్కేద్దాం. ఎకరానికి ఏడాదికి రెండు బస్తాలు, అంటే 100 కిలోలు. అందులో కిలోకు 10 మిల్లీగ్రాముల కాడ్మియం ఉందనుకుంటే ఏడాదికి ఒక గ్రాము. ఎకరంలో పై ఆరంగుళాల మట్టి దాదాపు ఎనిమిది లక్షల కిలోలు. యాభై ఏళ్లు వేసినా కిలోకు 0.06 మిల్లీగ్రాములే పెరుగుతుంది. మీ 0.2లో అది కొంత భాగం అయి ఉండొచ్చు, అంతే.

తర్వాత చెరువు తవ్వారు. తవ్వినప్పుడు పై మట్టిని చుట్టూ గట్లుగా పోశారు. కాబట్టి తాతగారి వరి మట్టి ఇప్పుడు గట్టులో ఉంది. చెరువు అడుగున ఉన్నది అప్పటి కింది పొర. దాని మీద పదిహేనేళ్ల బురద పేరుకుంది: తినగా మిగిలిన మేత, చేపల పెంట, కోడిపెంట, చచ్చిన నాచు. లోహాల లెక్కలో ఈ బురదే కీలకం. మేతలో జింక్, రాగి కలుపుతారు, కోడిపెంటలో కూడా కోళ్ల మేత నుంచి వచ్చిన ఆ రెండే. నాచు పట్టినప్పుడు మైలుతుత్తం చల్లుతారు, అది కాపర్ సల్ఫేట్, బరువులో నాలుగో వంతు రాగి. ఎకరం చెరువులో అయిదడుగుల నీళ్లుంటే దాదాపు 6000 ఘనమీటర్లు. ఘనమీటరుకు ఒక గ్రాము చొప్పున ఒకసారి చల్లితే ఆరు కిలోల మైలుతుత్తం, అందులో రాగి కిలోన్నర. అదంతా పై నాలుగంగుళాల బురదలోనే దిగిందనుకుంటే, ఆ బురద ఆరిన బరువు నాలుగున్నర లక్షల కిలోలు అనుకుంటే, కిలోకు మూడు మిల్లీగ్రాములకు పైనే. పదిసార్లు చల్లితే ముప్పై దాటింది. డీఏపీకి యాభై ఏళ్లలో జరగనిది మైలుతుత్తానికి రెండు మూడేళ్లలో జరుగుతుంది. లీజుదారు ఎన్నిసార్లు చల్లాడో అడగండి. పుస్తకంలో రాయకపోయినా మందుల షాపు బిల్లులు ఉంటాయి. ల్యాబ్ కంటే ముందు ఆ బిల్లులే మీకు రాగి గురించి చెబుతాయి.

అన్నట్టు, ఇన్నాళ్లు ఆ చెరువు చేప తిన్నాం కదా అని భయం పెట్టుకోకండి. రాగి, జింక్, సీసం, కాడ్మియం చేపలో ఎక్కువగా చేరేది మొప్పలు, కాలేయం, మూత్రపిండాల్లో, మనం తినే కండలో తక్కువ. కండలో చేరే రకం మిథైల్ పాదరసం. చేపలో సీసానికి మన ఆహార భద్రతా సంస్థ పెట్టిన పరిమితి కిలోకు 0.3 మిల్లీగ్రాములు. మట్టిలో 31 ఉందని చేపలో 31 ఉండదు, ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి వాట్సాప్‌లో తిప్పేవాళ్లను పట్టించుకోకండి.

ఇక మళ్లీ పరీక్ష ఎలా చేయించాలి. మీరు పంపిన నమూనా ఎక్కడిదో, ఎంత లోతుదో రాయలేదు. చెరువు మధ్యలో బురద పొర ఒకటి, దాని కింద గట్టిగా తగిలే పొర ఒకటి, గట్టు లోపలి మట్టి ఒకటి, అడుగు నుంచి మరో మీటరు లోతు మట్టి ఒకటి, నాలుగూ విడివిడిగా కావాలి. ఒక్కో పొరకు పది పదిహేను చోట్ల తీసి కలపండి. తూము దగ్గరి మట్టిని మాత్రం వీటిలో కలపొద్దు, నీళ్లు లోపలికి వచ్చే చోటే సన్నటి ఒండ్రు ముందుగా పడుతుంది, అక్కడ లోహం ఎప్పుడూ ఎక్కువే. దాన్ని విడిగా ఇవ్వండి. జింక్ పూత ఉన్న బకెట్లు, రంగేసిన తాపీలు వాడకండి. పారతో గొయ్యి తీశాక, పార తగిలిన ముఖాన్ని చెక్కతోనో ప్లాస్టిక్ గరిటెతోనో గీకేసి లోపలి మట్టి తీసుకోండి. మీటరు లోతు మట్టే మీకు అసలైన కొలబద్ద. ఆ లోతులో కూడా క్రోమియం 115, నికెల్ 70 ఉంటే అది మీ భూమి సొంత సరుకు, ఎవరూ తెచ్చి పోసింది కాదు. రాగి కింద 60 ఉండి పైన బురదలో 85 ఉంటే ఆ తేడా చెరువు పుణ్యం.

ల్యాబ్‌లో మొత్తం లోహంతో పాటు డీటీపీఏ పరీక్ష కూడా అడగండి. లిండ్సే, నార్వెల్ అనే శాస్త్రవేత్తలు 1978లో ప్రచురించిన పద్ధతి ఇది, మనలాంటి సున్నపు నేలలకే తయారు చేశారు. పంట వేరుకు అందే భాగం ఎంతో సుమారుగా చెబుతుంది. ఇక్కడొక చిక్కుంది. తడి బురదను ల్యాబ్‌కు తీసుకెళ్లి ఆరబెట్టి పరీక్షిస్తారు, ఆరబెట్టడంలోనే సల్ఫైడ్ విరిగిపోతుంది. అంటే చెరువుగా ఉన్నప్పటి స్థితి మీకు తెలియదు, ఆరాక ఎలా ఉంటుందో తెలుస్తుంది. మీకు కావాల్సింది ఆరాక సంగతే కాబట్టి ఫర్వాలేదు. పీహెచ్, ఈసీ (నేలలో కరిగిన ఉప్పు ఎంతో చెప్పే అంకె), సేంద్రియ కర్బనం, సున్నం శాతం కూడా రాయించుకోండి. ఈసీ ఎందుకంటే, ఉప్పు ఎక్కువైతే అందులోని క్లోరైడ్ కాడ్మియంతో జతకట్టి దాన్ని కదిలేలా చేస్తుంది. ఉప్పుబోరు నీళ్లు వాడే చోట, డెల్టా చివర్లలో రొయ్యల చెరువులు మూసి పంటకు మళ్లేవాళ్లకు ఇది మీకంటే ఎక్కువ అవసరం.

మా సాయిల్ హెల్త్ కార్డులో జింక్, రాగి బాగానే ఉన్నాయని వచ్చింది కదా అని అడిగారు. ఆ కార్డులో ఉండే పన్నెండు అంశాలు పంటకు ఏం తక్కువైందో చెప్పడానికి. వేరుకు అందే జింక్ కిలోకు 0.6 మిల్లీగ్రాముల కంటే తక్కువుంటే వేయమంటుంది. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ అందులో లేనే లేవు.

పంటల మాటకొస్తే, మొదటి ఏడాదే ఆకుకూరలు వద్దని నా సలహా. పాలకూర, తోటకూర లాంటివి కాడ్మియాన్ని తేలిగ్గా లాగుతాయి. సీసం వేరు గుండా ఎక్కేది తక్కువ, వాన చినుకులకు ఆకు మీద చిందిన మట్టి ద్వారా వచ్చేదే ఎక్కువ. కాయగూరలు, అంటే బెండ, వంగ, బీర, సొర, వీటిలో కాయకు చేరేది తక్కువ. మొదటి రెండు సీజన్లు పందిరి మీద బీర, సొర వేసుకుని, డీటీపీఏ అంకెలు నిలకడగా ఉన్నాయని తేలాక ఆకుకూరలకు వెళ్లండి. జింక్ లోపం రాకుండా చూసుకోండి. జింక్, కాడ్మియం వేరు దగ్గర ఒకే దారికి పోటీ పడతాయి, జింక్ చాలినంత ఉంటే కాడ్మియం తక్కువ ఎక్కుతుంది. పశువుల ఎరువు బాగా వేయండి. పట్టణ చెత్త కంపోస్టు కొంటే పరీక్ష కాగితం అడగండి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో దానికి సీసం 100, కాడ్మియం 5, క్రోమియం 50 పరిమితులున్నాయి. చూశారా, ఆ క్రోమియం పరిమితి ప్రకారం మీ సొంత మట్టి కంపోస్టుగా అమ్మడానికి పనికిరాదు! పరిమితులన్నవి ఒక్కో వస్తువుకు ఒక్కో లెక్కలో పెడతారు, వాటిని నేలకు అరువు తెచ్చుకోకూడదు.

చెరువు ఎండబెట్టేది మాఘం, ఫాల్గుణాల్లో మొదలుపెట్టండి. బురద పగుళ్లు విచ్చాక ఒకసారి, మళ్లీ నెలకు ఒకసారి దున్నండి. సల్ఫైడ్ విరగడమంతా ఎండాకాలంలోనే అయిపోవాలి. తొలకరి వానకు కదిలిన లోహం నీళ్లతో పాటు పోతుంది కాబట్టి మొదటి రెండు మూడు వానల నీరు బుడమేరులోకి వదలకండి. చుట్టూ గట్టు కొంత ఎత్తున ఉంచి లోపలే ఇంకనివ్వండి, కింద ఉన్న సున్నపు రేగడి దాన్ని మళ్లీ పట్టుకుంటుంది. అందుకే గట్లు మొత్తం ఒకేసారి కొట్టించొద్దు. బురద మరీ మందంగా ఉండి రాగి ఎక్కువని తేలితే, ఆరిన గట్టు మట్టిని దాని మీదికి లాగి కలిపేయండి. పాత వరి మట్టి మళ్లీ పైకొస్తుంది, రాగి పలచబడుతుంది. బురద ఎత్తి పక్క పొలాల వాళ్లకు ఎరువని అమ్మడం ఇక్కడ మామూలే. రాగి లెక్క తేలేదాకా ఆగండి. కొబ్బరి చెట్లకైతే ఇబ్బంది లేదు.

మెరక చేసే ఎకరం గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నాకు ఎక్కువ అనుమానం అక్కడే. ఇప్పుడున్న మట్టి కంటే తోలించే మట్టే ప్రమాదం కావొచ్చు. విజయవాడ చుట్టూ మెరక పనులకు వచ్చే లారీల్లో కొండ గ్రావెల్ ఉంటుంది, పాత ఇళ్లు కూల్చిన శిథిలాలుంటాయి, బొగ్గు బూడిద ఉంటుంది, ఏదో షెడ్డు వెనక తవ్విన నల్లమట్టి కూడా ఉంటుంది. పాత ఇంటి సున్నం పెచ్చులకు అంటుకున్న ఆయిల్ పెయింటులో సీసం ఉంటుంది. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్ ఉంటాయి. పైన చెప్పాను కదా, ఆ మొదటి రెండూ మన పీహెచ్‌లో కదిలే రకాలు. పల్లపు చోట్లు బూడిదతో నింపడానికి నిబంధనలు అనుమతిస్తాయి, రోడ్డు కిందికి అది బాగానే పనికొస్తుంది. కూరగాయల మడి పక్కన, తాగునీటి బోరు పక్కన నేనైతే వేయించను. లారీ ఎక్కడి నుంచి వస్తోందో మీరే వెళ్లి చూసి, ఆ గుంట మట్టి ఒక నమూనా పరీక్షించి ఒప్పుకోండి. అక్కడ ఇల్లో షెడ్డో కట్టేటట్టయితే పునాది ఇంజనీరుకు కింద సల్ఫైడ్ బురద ఉందని చెప్పండి. అది ఆరితే సల్ఫేట్ అవుతుంది, సల్ఫేట్ మామూలు సిమెంటును తింటుంది.

మీ మూడెకరాలు దాటి ఒక మాట. బుడమేరు వెంట సింగ్‌నగర్ వైపు ఒకప్పుడు నీరు పరుచుకునే పల్లాలు ఉండేవి. నీరు అక్కడ నెమ్మదించి సన్నటి ఒండ్రును దించేసి వెళ్లేది. లోహాలు ఎక్కువగా ప్రయాణించేది ఆ సన్న ఒండ్రు మీదే. ఇప్పుడు అక్కడ కాలనీలు, షెడ్లు, రోడ్లు. టైర్ల అరుగుదల నుంచి జింక్, బ్రేకుల నుంచి రాగి, రేకుల కప్పుల నుంచి మళ్లీ జింక్, బ్యాటరీ పనుల నుంచి సీసం, అన్నీ మొదటి వానకే కాలువలో పడతాయి. మధ్యలో ఆపే పల్లం లేదు. నేరుగా కిందికి, మీ ఊళ్ల మీదుగా కొల్లేరుకే. కొల్లేటి నుంచి సముద్రానికి దారి ఒక్క ఉప్పుటేరే, అదీ నెమ్మది. కొల్లేరులో అయిదో కాంటూరు (సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) లోపల 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా రామ్‌సర్‌లో చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సు విస్తీర్ణం పెంచాలంటే అది తప్పదు. కానీ గట్లు తీశాక ఏళ్ల తరబడి పేరుకున్న చెరువు బురద ఎటు పోయిందని అడిగినవాళ్లు తక్కువ. 2017 నాటి చిత్తడి నేలల నిబంధనలైతే వరి పొలాలను, ఆక్వా కోసం కట్టిన చెరువులను చిత్తడి నేలలుగా లెక్కలోకే తీసుకోవు. చట్టం దృష్టిలో మీది చిత్తడి నేల కాదు. కానీ మీ బురదకు ఆ సంగతి తెలియదు, రసాయనం మాత్రం అదే. మీ సర్వే నంబరు కొల్లేరు అయిదో కాంటూరు లోపల పడుతుందేమో మాత్రం రెవెన్యూ వాళ్ల దగ్గర చూసుకోండి. పడితే మెరక చేసే సంగతి మరిచిపోవాల్సిందే.

గుర్రపుడెక్క పెంచితే లోహాలు లాగేస్తుందని, పొద్దుతిరుగుడు వేస్తే శుభ్రమవుతుందని మీకు ఎవరో చెప్పారట. గుర్రపుడెక్క వేళ్లలో లోహం చేరడం నిజమే. దాన్ని తీసి దూరంగా పడేస్తేనే లాభం. అక్కడే కుళ్లబెట్టినా, కంపోస్టు చేసి మళ్లీ మడిలో వేసినా లోహం ఇంటికే వచ్చింది. పొద్దుతిరుగుడు మీ అంకెలకు పదుల ఏళ్ల పని. నేల శుద్ధి చేస్తామని సీసాల్లో అమ్మే ద్రావణాలు కొనకండి. లోహం మూలకం, దాన్ని ఏ సూక్ష్మజీవీ అరిగించుకోలేదు.

ఇప్పుడు చేయాల్సిందల్లా నాలుగు పొరల నమూనాలు, తూము దగ్గరిది ఒకటి, వరద ఒండ్రు ఉంటే అదొకటి. ఆర్సెనిక్, డీటీపీఏ మరిచిపోకండి. చెరువులో నీళ్లు పూర్తిగా తీశాక, దున్నకముందే తీయండి. దున్నితే పొరలు కలిసిపోతాయి, ఆ తర్వాత ఏ అంకె ఎక్కడిదో నేను కూడా చెప్పలేను.